ఇంటింటా విజ్ఞానం: కాపడపు సంచి

సంక్రాంతి వచ్చిందంటే తెలుగింటి ఆడవారికి సంబరం ఎంతో శ్రమ కూడా అంతే. ధనుర్మాసమంతా వేకువనే లేచి వాకిట వంగి ముగ్గులు వేయడం, పండుగ ముంగిట పిండివంటలు చేయడం, ఇత్తడి సామాను అటక దించి తోమడం, ఇవన్నీ ఏడాదికొకసారి ఒక్కుమ్మడిగా మీదపడే పనులు. వాటి ఫలితం పండుగ వెళ్ళే వేళకు భుజాలలోనూ నడుములోనూ తెలిసివస్తుంది.

గోదావరి ఒడ్డున ఒక పట్టణంలో అటువంటి ఇల్లు ఒకటి ఉన్నది. అరవై అయిదేళ్ళ అత్తగారు భోగికి ముందు రెండు రోజులూ జంతికల గొట్టం నొక్కారు, అరిసెల పాకం కలియబెట్టారు, భోగినాడు వాకిలి నిండా ముగ్గు వేశారు. ఆనాడు ఏ బాధా తెలియలేదు. కనుమ నాటి ఉదయానికి మాత్రం మెడ మొదలు కుడి భుజం వరకు బిగుసుకొనిపోయి, చెయ్యెత్తి జడ వేసుకోవడం కూడా కష్టమయింది.

"అమ్మాయ్, కాస్త ఉప్పు వేయించి మూటగట్టి తెస్తావా? మా అమ్మ అలాగే కాపడం పెట్టేది" అని అడిగారు కోడలిని.

"అత్తయ్యగారూ, మూకుడులో ఉప్పు వేయించి మూటగట్టేలోపల అది ఒకసారి చెయ్యి కాలుస్తుంది, మరుక్షణం చల్లారిపోతుంది. సాయంకాలానికి మీకొక సంచి కుట్టి ఇస్తాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు వేడి చేసుకోవచ్చు" అన్నది కోడలు.

పడక్కుర్చీలో పత్రిక చదువుకుంటున్న మామగారు తలయెత్తారు. ఆయన విశ్రాంత పోస్టుమాస్టరు. పదిహేనేళ్ళుగా మధుమేహం ఉన్నవారు. "నాకు కూడా ఒకటి కుట్టమ్మా. చలికాలం వచ్చిందంటే నా పాదాలు మంచుగడ్డలైపోతున్నవి" అన్నారు.

ఇంటిలో ఒకరికి మేలు చేసేదే మరొకరికి కీడు కాగలదన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ తోచలేదు. ఆ విషయానికి వచ్చేముందు, ఈ సంచి ఏమిటో, అది ఏ విధంగా పనిచేస్తుందో, దానిని ఎట్లా కుట్టుకోవలెనో తెలుసుకుందాము.

పాత వైద్యం, కొత్త పొయ్యి

కాపడం మనకు కొత్త కాదు. ఉప్పు మూట, ఇసుక మూట, తవుడు మూట, గుడ్డలో చుట్టిన వేడి ఇటుక, ఆముదం రాసి వెచ్చజేసిన ఆకులు, బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు, ఇవన్నీ మన పెద్దలు ఎరిగినవే. కేరళ వైద్యులు నవర బియ్యాన్ని పాలతోనూ మూలికల కషాయంతోనూ ఉడికించి, మూటలు కట్టి, ఒంటిపై అద్దే చికిత్స నేటికీ ప్రసిద్ధం. చరక సంహితలో సూత్రస్థానం పదునాల్గవ అధ్యాయం సంపూర్ణంగా స్వేద చికిత్సకే కేటాయింపబడినది. నిప్పు సాయంతో చేసే స్వేదాలను అందులో 13 విధాలుగా విభజించారు. వాటిలో మొట్టమొదట చెప్పిన సంకర స్వేదం మన మూట కాపడానికి మూలపురుషుడు వంటిది.

ఈ పాత వైద్యానికి కొత్త పొయ్యి తోడు కావడం గత శతాబ్దపు కథ. 1945లో అమెరికాలోని రేథియాన్ సంస్థలో పర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు, రాడార్ యంత్రానికి గుండెకాయ వంటి మాగ్నెట్రాన్ గొట్టం దగ్గర నిలబడి ఉండగా, జేబులోని మిఠాయి బిళ్ళ కరిగిపోయింది. ఆ తరంగాలు వంటకు పనికివస్తాయన్న ఊహ ఆయనకు అక్కడనే కలిగింది. 1947లో అమ్మకానికి వచ్చిన తొలి మైక్రోవేవ్ పొయ్యి దాదాపు ఆరడుగుల ఎత్తు, 340 కిలోల బరువు! వంటింటి బల్లపై ఇమిడే పొయ్యి 1967లో గాని రాలేదు. ఇప్పుడు మన పట్టణాలలో సైతం అనేక ఇండ్లలో అది పాలు కాచుకొనే సాధనమైపోయింది.

ఈ పొయ్యి పనిచేసే తీరు తెలిస్తే సంచిలో ఏమి నింపవలెనో తానే తెలుస్తుంది. అందులో పుట్టే తరంగాలు సెకనుకు 245 కోట్ల పర్యాయాలు కంపిస్తాయి. నీటి అణువుకు ఒక కొస ధన విద్యుత్తు, మరొక కొస రుణ విద్యుత్తు ఉంటుంది. తరంగం దిశ మారినప్పుడల్లా ఆ అణువు దానితోపాటు తిరగబోయి, పక్కవాటిని రాసుకొంటుంది. ఆ రాపిడియే వేడి. కనుక ఈ పొయ్యిలో చక్కగా వేడెక్కేది తడి ఉన్న వస్తువు. ఎండు ఉప్పు, ఎండు ఇసుక మూకుడులో భగభగలాడవచ్చును గాని మైక్రోవేవ్‌లో అంతగా వేడెక్కవు. బియ్యమో గోధుమలో అయితే పైకి ఎండినట్లు కనిపించినా, లోపల నూటికి పన్నెండు, పదునాలుగు పాళ్ళు తేమ దాచుకొని ఉంటాయి. ఆ తేమయే వేడెక్కి, గింజను వేడిచేసి, మెల్లమెల్లగా ఆవిరిగా బయటికి వస్తుంది. అందువలన ఈ కాపడం పొడి కాపడానికీ తడి కాపడానికీ నడుమ హాయిగా ఉంటుంది. అయితే ఆ తేమ అక్షయపాత్ర కాదు. ఈ మాట గుర్తుంచుకోవలెను; మళ్ళీ దీనితో పని ఉన్నది.

వేడికి నొప్పి ఎందుకు తగ్గుతుంది?

అలవాటు లేని శ్రమ చేసినప్పుడు కండరాల నారపోగులలో సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. వాటిని బాగుచేసుకొనే ప్రయత్నంలో శరీరం ఆ ప్రాంతానికి రసాయనాలను పంపుతుంది. నొప్పి వెంటనే గాక ఒకటి రెండు రోజుల తరువాత ముదరడానికి కారణం ఇదే. భోగినాడు వంగిన నడుము కనుమనాడు మొరపెట్టుకొనడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఇట్టి నొప్పి సాధారణంగా నాలుగైదు రోజులలో దానంతట అదే పోతుంది. కాపడం దానిని మాయం చేయదు, భరించడం సులభం చేస్తుంది.

వేడి తగిలిన చోట రక్తనాళాలు విప్పారుతాయి. బిగిసిన కండరం సడలుతుంది. అంతేగాక, చర్మంలో వేడిని పసిగట్టే నాడుల చివళ్ళు మెదడుకు ఒక కబురు పంపుతాయి. ఆ కబురు నొప్పి కబురును కొంతవరకు అణచివేస్తుంది. నొప్పి సందేశాలకు వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉన్నదని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు.

చర్మం వేడిని ఎట్లా గుర్తిస్తుందన్న ప్రశ్నకు సమాధానం మిరపకాయ ద్వారా దొరికింది! 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ బృందం మిరపలోని ఘాటును పసిగట్టే గ్రాహకాన్ని కనుగొన్నది. సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడును మించిన వేడికి కూడా మేల్కొనేది అదే గ్రాహకమని తేలింది. గుంటూరు మిరపకాయ కొరికితే నోరు "మండింది" అనడం ఒట్టి అలంకారం కాదన్నమాట. జూలియస్‌కు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఏర్పాటు వేడి శృతిమించినప్పుడు చెయ్యి వెనక్కు తీసుకొనమని హెచ్చరించే కావలివాడు. కావలివాడు నిద్రపోతే ఏమవుతుందో ముందు చూడగలము.

గుడ్డ ఎంపిక

సంచికి మొదటి నియమం: గుడ్డ అచ్చమైన నూలుదై ఉండవలెను. దారం కూడా నూలు దారమే. కృత్రిమపు నూలు కలిసిన గుడ్డ వేడికి కరిగి చర్మానికి అంటుకొనే ప్రమాదం ఉన్నది. అనుమానమున్నచో గుడ్డ అంచునుంచి రెండు పోగులు లాగి, పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్లతో అంటించి చూడవలెను. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది. కృత్రిమపు పోగు ముడుచుకొని, కరిగి, గట్టి పూస కడుతుంది.

రెండవ నియమం మన ఇండ్లకు మరీ ముఖ్యమైనది. పాత నూలుచీర మెత్తనిది, దీనికి అన్నివిధాల తగినది. మన మంచి నూలుచీరలకూ పంచెలకూ జరీ అంచు ఉంటుంది. జరీ అనగా లోహపు తీగ. అచ్చమైనదానిలో వెండి, రాగి ఉంటాయి, చౌకరకంలో కూడా లోహపు పూత ఉండవచ్చును. మైక్రోవేవ్‌లో లోహపు పోగు పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, గుడ్డ అంటుకొంటుంది. కావున మంగళగిరి చీర వంటిది వాడదలచినవారు అంచూ కొంగూ పూర్తిగా కత్తిరించి, నడిమి గుడ్డ మాత్రమే తీసుకోవలెను. అంచులో ఒక్క జరీ పోగు కూడా మిగలరాదు. బొత్తాములు, కొక్కెములు, జిప్పులు, తళుకులు, మెరిసే అచ్చులు కూడా నిషిద్ధం.

గుడ్డను ముందుగా వేడినీళ్ళలో ఉతికి ఆరవేయవలెను. ఇందువలన గంజి పోతుంది, ముడుచుకొనే గుడ్డ కుట్టకముందే ముడుచుకొంటుంది.

గింజలు

బియ్యం, గోధుమలు, జొన్నలు, ఉలవలు, వీటిలో ఇంట ఉన్నది ఏదైనా పనికివస్తుంది. గోధుమలు, ఉలవలు కొంత దిట్టంగా ఉండి వేడిని చాలాసేపు నిలుపుకొంటాయి. బియ్యం సన్నగా ఉండి మెడ వంపులో చక్కగా ఒదుగుతుంది. పచ్చి బియ్యమే వాడవలెను; అటుకులు, మరమరాలు, పేలాల మొక్కజొన్న పనికిరావు. ఆవాలు, నువ్వులు వంటి నూనెగింజలు వద్దు. సువాసన కోసం తైలాలు చిలకరించడం అసలే వద్దు, నూనె త్వరగా అంటుకొంటుంది. వెచ్చబడిన కొత్తబియ్యపు వాసనకంటె మంచి సుగంధం మరేమి కావలెను?

నింపడానికి ముందు గింజలను జల్లెడపట్టి, రాళ్ళూ నలకలూ ఏరి, గట్టి మూత గల డబ్బాలో మూడు నాలుగు రోజులు మంచు అరలో ఉంచితే పురుగు, దాని గుడ్లు నశిస్తాయి. తరువాత నీడలో ఆరబెట్టి వాడవలెను. ఆ కోడలికి అంత వ్యవధి లేదు గనుక, తొలి సంచికి గోధుమలు శుభ్రంగా జల్లించి నింపింది.

కత్తిరింపు, కుట్టు

మెడకూ భుజాలకూ సరిపడే సంచికి 50 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్కలు రెండు కావలెను. సుమారు 700 గ్రాముల గింజలు సరిపోతాయి. ఇంతకంటె బరువైనది మెడకు హాయి నీయదు, లోపలిదాకా సమంగా వేడెక్కదు.

రెండు ముక్కలనూ మంచివైపులు లోపలికి ఉండేటట్లు ఒకదానిపై ఒకటి పరచి, గుండుసూదులతో బిగించవలెను. వాడిన గుండుసూదులు ఎన్నో ముందుగా లెక్కపెట్టి వ్రాసుకోవడం మంచిది. సంచి ముగిసిన తరువాత లెక్క సరిపోవలెను. లోపల ఒక్క సూది మిగిలినా పొయ్యిలో రవ్వలు లేస్తాయి.

రెండు పొడవు వైపులనూ, ఒక పొట్టి వైపునూ అంచునుంచి ఒక సెంటీమీటరు లోపలగా కుట్టవలెను. మిషనుపై అయితే చిన్న కుట్టు పెట్టి, ఒకసారి కుట్టిన గీత మీదనే మరొకసారి కుట్టవలెను. చేతితో కుట్టేవారు సూదిని ప్రతిసారి ఒక కుట్టు వెనక్కు దించి, రెండు కుట్లు ముందుకు తీసే గట్టి కుట్టును ఎన్నుకొనవలెను. కుట్టుకూ కుట్టుకూ నడుమ బియ్యపుగింజ దూరే సందు ఉండరాదు. మూలలలో అదనపు గుడ్డను కొద్దిగా కత్తిరించి, సంచిని మంచివైపుకు తిప్పి, మూలలను మొద్దుబారిన పుల్లతో బయటికి నెట్టవలెను.

ఇప్పుడు సంచి పొడవును నాలుగు సమభాగాలుగా చేసి, 12 సెంటీమీటర్లకొకటి చొప్పున సుద్దతో అడ్డగీతలు గీయవలెను. కాగితాన్ని పొట్లంలా చుట్టి, దాని కొనను తుంచి, తెరచిన వైపునుంచి 175 గ్రాముల గింజలు పోయవలెను. వాటిని అడుక్కు దులిపి, మొదటి గీత మీద అడ్డంగా కుట్టవలెను. మరల 175 గ్రాములు, మరల అడ్డకుట్టు. ఇట్లా నాలుగు అరలూ నిండిన తరువాత, తెరచిన అంచును లోపలికి మడిచి రెండు వరుసలుగా మూసివేయవలెను. ప్రతి అరలోనూ మూడవవంతు ఖాళీ ఉండవలెను. నిండుగా కూరితే సంచి కర్రలా బిగిసిపోయి ఒంటికి ఒదగదు.

అరలు ఎందుకన్న సందేహం కలగవచ్చు. అరలు లేని సంచిలో గింజలన్నీ ఒక కొసకు జారి ముద్దకడతాయి. ముద్ద నడుమ వేడి పోగుబడి గింజలు మాడుతాయి, మెడ మీద మాత్రం ఖాళీ గుడ్డ మిగులుతుంది. అరలు ఆ రెండు దోషాలనూ నివారిస్తాయి.

చివరగా, ఈ సంచికి దిండు గలేబు వంటి తొడుగు ఒకటి కుట్టవలెను. గింజల సంచిని తడపరాదు. తొడుగును మాత్రం తీసి ఉతుక్కోవచ్చు. తొడుగు నోటి దగ్గర ఒక అంచు మరొక అంచు మీదికి నాలుగు వేళ్ళ వెడల్పున వచ్చేటట్లు కుడితే బొత్తాముల అవసరం ఉండదు. ఈ పని అంతా కలిపి తీరికగా కుట్టినా రెండు గంటలు.

వేడి చేసే పద్ధతి

కుట్టు కంటె జాగ్రత్త అవసరమైన ఘట్టం ఇది. మైక్రోవేవ్‌లో వేడెక్కించే గోధుమ సంచుల వలన ఒళ్ళు కాలడం, మంటలు రేగడం జరుగుతున్నందున, ఇంగ్లండులో 2004లో వీటికని ప్రత్యేకంగా బి.ఎస్. 8433 అనే ప్రమాణాన్నే రూపొందించారు. ఇంట కుట్టుకొనే సంచికి అటువంటి ముద్ర ఉండదు. ఆ ముద్ర పని మనమే చేయవలెను.

పొయ్యి లోపల నూనె చిందిన మరకలు లేకుండా తుడవవలెను. లోపలి గాజుపళ్ళెం ఆటంకం లేకుండా తిరుగుతున్నదో లేదో చూడవలెను. సంచి గోడకు తగిలి పళ్ళెం ఆగిపోతే, తరంగాలు ఒకే చోట పడి అక్కడి గింజలు మాడిపోతాయి. సంచి పక్కన చిన్న కప్పుతో మంచినీళ్ళు ఉంచడం మంచి అలవాటు.

మొదట 45 సెకన్లు. సంచిని తీసి, అరచేతులతో నలిపి, గింజలను కలియబెట్టి, చూడవలెను. చాలకపోతే మరి 20 సెకన్లు, మరల పరీక్ష. ప్రతి ఇంటి పొయ్యికీ శక్తి వేరువేరుగా ఉంటుంది కనుక తొలి రోజున ఎన్ని సెకన్లకు తగిన వేడి వచ్చిందో కాగితం మీద వ్రాసి పొయ్యి తలుపుకు అంటించుకొంటే, ఆపై ఊహలతో పని ఉండదు. ఈ కొలతల సంచికి రెండు నిమిషాలు దాటవలసిన అవసరం సాధారణంగా కలగదు. పొయ్యి తిరుగుతున్నంతసేపు అక్కడే నిలబడి ఉండవలెను.

పొయ్యినుంచి తీసిన వెంటనే పైగుడ్డ చల్లగా ఉండి లోపలి గింజలు మరిగిపోతూ ఉండవచ్చు. అందువలన నలిపిన తరువాత ఒక నిమిషం ఆగి, మణికట్టు లోపలివైపున సంచిని అరనిమిషం అదిమి ఉంచవలెను. అరనిమిషం తరువాత కూడా హాయిగా ఉంటేనే అది తగిన వేడి. అప్పటికి చురుక్కుమంటే పక్కన పెట్టవలసినదే.

పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. మెలకువగా కూర్చొని ఉన్నప్పుడే వాడవలెను, సంచితో నిద్రపోరాదు. పక్క వెచ్చజేసుకొనడానికి దుప్పటి కింద పెట్టరాదు. వేడి బయటికి పోయే దారి లేకపోతే గింజలు లోలోపల రాజుకొనవచ్చును. వాడిన తరువాత రాతిగట్టు వంటి చోట ఆరనిచ్చి, పూర్తిగా చల్లబడిన తరువాతనే మరల వేడి చేయవలెను.

గింజలోని తేమ అక్షయపాత్ర కాదన్న మాట ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవలెను. వేడి చేసినప్పుడల్లా కొంత తేమ పోతుంది. తేమ పోయిన గింజ పొయ్యిలో సరిగా వేడెక్కక, చోటు చోటున మాడడం మొదలు పెడుతుంది. పేలాల వాసన, మాడు వాసన వచ్చినా, గుడ్డపై గోధుమరంగు మచ్చ కనిపించినా, సంచిని విప్పి గింజలు పారవేసి కొత్తవి నింపవలెను. ఆ గింజలను తిరిగి వంటకు వాడరాదు.

మామగారి పాదాలు

కనుమ సాయంకాలానికి సంచి సిద్ధమయింది. అత్తగారు మెడమీద వేసుకొని, "తల్లీ, ప్రాణం లేచివచ్చింది" అన్నారు. మరునాటి రాత్రి కోడలు దానిని వేడిచేసి మామగారి పాదాల కింద పెట్టింది.

"ఇది వేడి చేశావా అసలు?" అన్నారు ఆయన.

ఆమె తీసుకువెళ్ళి మరి 20 సెకన్లు వేడి చేసి తెచ్చింది. "ఏమో నమ్మా, నాకేమీ తెలియడం లేదు. ఇంకా కాస్త వేడి చెయ్యి" అన్నారు. మూడవసారి సంచిని చేతిలోకి తీసుకొన్నప్పుడు ఆమె అరచెయ్యి చురుక్కుమన్నది. తన చేయి ఓర్వలేని వేడి ఆయన పాదానికి తెలియకపోవడమేమిటన్న ఆలోచన అప్పుడు వచ్చింది. ఆమె సంచిని పక్కన పెట్టి, దీపం దగ్గరగా జరిపి ఆయన పాదాలను చూసింది. అరికాలు ఎర్రబడి ఉన్నది, బొబ్బ లేవలేదు. బొటనవేలి కింద మాత్రం చిన్న పుండొకటి కనిపించింది. అది ఎప్పుడు తగిలిందో ఆయనకు తెలియదు.

దీర్ఘకాలం మధుమేహం ఉన్నవారిలో పాదాల నాడులు క్రమంగా మొద్దుబారుతాయి. కొందరికి పాదం చల్లగా ఉన్నట్లు, తిమ్మిరెక్కినట్లు తోస్తుంది. చల్లదనం అని వారు అనుకొనేది నాడి చెప్పే అబద్ధం కావచ్చు. ఆ అబద్ధాన్ని నమ్మి కాపడం పెడితే, కాలుతున్న సంగతి కూడా ఆ నాడి చెప్పదు. మధుమేహులలో పుండు త్వరగా మానదు. చీము పట్టి వేలినో పాదాన్నో తీసివేయవలసి వచ్చే ప్రమాదం ఉన్నది. మన దేశంలో మధుమేహులు పది కోట్లకు పైబడి ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. అనగా ఇట్టి పాదాలు ప్రతి వీధిలోనూ ఉండవచ్చును.

ఎంత వేడి ఎంతసేపటికి కాలుస్తుందన్న విషయాన్ని 1947లో మారిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికా పరిశోధకులు నిర్ణయించారు. చర్మాన్ని 60 డిగ్రీల వేడి అయిదు సెకన్ల ప్రాంతంలోనే కాలుస్తుంది. 44 డిగ్రీల వేడి, అనగా స్నానపు నీళ్ళకంటె కొద్దిగా ఎక్కువ వేడి, ఆరు గంటలసేపు వదలకుండా తగిలినచో అదే హాని చేస్తుంది. స్పర్శ ఉన్నవాడు ఆరు గంటలు ఊరుకోడు, కదులుతాడు. స్పర్శ లేనివాడూ, మత్తుమందు వేసుకొని నిద్రించేవాడూ, పక్షవాతంతో కదలలేనివాడూ, మాటరాని పసిబిడ్డా కదలలేరు. వీరెవరికీ ఈ సంచి పెట్టరాదు. గర్భవతులు కడుపుమీదా నడుముమీదా పెట్టుకొనేముందు వైద్యుని అడగవలెను.

విశేషమేమనగా, చరక సంహితలోని ఆ స్వేదాధ్యాయమే ఎవరికి స్వేదం పనికిరాదో కూడా వివరంగా చెప్పింది. ఆ జాబితాలో గర్భిణులున్నారు, మధుమేహులున్నారు. కాపడం మన పెద్దలనాటిదని గర్వించే మనము, పెద్దలు పెట్టిన ఆ నిషేధాన్ని మాత్రం మరచినాము.

మితిమీరిన అలవాటు ఆరోగ్యవంతులకు కూడా మంచిది కాదు. ప్రతిదినం ఒకేచోట గంటల తరబడి వేడి తగిలితే చర్మంపై వలవంటి గోధుమరంగు చారలు ఏర్పడతాయి. కాశ్మీరులో చలికాలమంతా అంగీ లోపల కాంగ్డీ అనే నిప్పుల కుండ పెట్టుకొని తిరిగేవారిలో ఇట్టి చారలు సాధారణం. ఏండ్లు గడిచిన మీదట కొందరిలో ఆ చోటనే చర్మపు క్యాన్సరు పుట్టడం 1866లోనే ఒక వైద్యుడు గమనించి వ్రాశాడు.

ఏ నొప్పికి కాపడం కాదు

కొత్తగా బెణికి వాచిన చోట కాపడం పెట్టరాదు. మొదటి రెండు రోజులు చల్లదనమే మేలు. ఇదే సంచిని గట్టి ప్లాస్టిక్ సంచిలో ఉంచి మంచు అరలో చల్లబరచి, గుడ్డ అడ్డంపెట్టి వాడుకోవచ్చును. వాపు తగ్గిన తరువాత వేడి. తెగిన గాయం, చీము పట్టిన గడ్డ, ఎర్రబడి జ్వరంతో కూడిన కీలు, వీటికి కాపడం వద్దు. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పిపెడుతున్నచో లోపలి నాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి ఎడమ భుజానికో దవడకో పాకితే అది కండరాల నొప్పి అని సరిపెట్టుకొని సంచి వెతకరాదు. క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవలెను. వారం దాటినా తగ్గని నొప్పి, చేతికో కాలికో తిమ్మిరిగా దిగే నొప్పి కూడా వైద్యుడు చూడవలసినవే.

ఆ ఇంటి మామగారిని మరునాడే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళారు. వైద్యుడు ఆయనను కళ్ళు మూసుకొనమని, పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాను పోగుతో అరికాలిని పది చోట్ల తాకి, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. ఆరు చోట్ల ఆయన పలకలేదు. పుండుకు కట్టు కట్టి, మెత్తని పాదరక్షలు వ్రాసి ఇచ్చి, ప్రతి రాత్రి పాదాలను అద్దంలో చూసుకొనవలెనని చెప్పి పంపాడు. నెల తిరిగేలోపల పుండు మానింది. చలికి ఆయన ఇప్పుడు ఉన్ని మేజోళ్ళు తొడుగుకొంటున్నారు.

సంచి అత్తగారికే మిగిలింది. వేడి చేసేది కోడలు; మణికట్టుపై పరీక్షించేదీ ఆమెయే. మామగారికి కూడా ఒక పని అప్పగించారు. అత్తగారి మెడమీద సంచి వేసిన క్షణంనుంచి ఆయన గోడగడియారం చూస్తూ కూర్చొంటారు. పదిహేనవ నిమిషం కాగానే, "ఇక చాలు, తీసెయ్యవే" అంటారు. ఉద్యోగంలో ఉన్ననాళ్ళు తపాలా వేళ తప్పనివాడు, ఈ వేళ కూడా తప్పడం లేదు.